ఆరాధనకొచ్చిన కుక్క ఎవరిది?

మన్యంలో పండుగ ఆరాధనకు ఇంటికొకరు కాదు, ఇల్లంతా కదులుతుంది. క్రిస్మస్ రాత్రి అరకు, అనంతగిరి, పాడేరు కొండల్లో ఎముకలు కొరికే చలి. అవ్వ, తాత, చంకలో బిడ్డ, చేతిలో టార్చిలైటు, వాళ్ల వెనక ఎవరూ పిలవకపోయినా తోక ఊపుకుంటూ బయల్దేరే కుక్క! కొండదారిలో ఎలుగుబంటి అలికిడిని మనిషికన్నా ముందు పసిగట్టేది అదే. పోడు చేలోకి దిగే అడవిపందులను అదిలించేది, మేకల వెంట కొండెక్కి దిగేది, ఒకప్పుడు ఇటుకల పండుగ వేటలో ముందు పరుగెత్తిందీ అదే. ఇంటిల్లిపాదీ ఆరాధనకు వెళ్తుంటే ఆ చీకట్లో తానొక్కతే గుడిసె దగ్గర ఎందుకుండాలి?

తీరా చర్చి గుమ్మం చేరాక దానికి స్వాగతం ఉండదు. ఎవరో ఒకరు కర్ర ఎత్తుతారు, ఇంకొకరు 'ఛీ, పో' అంటారు. హుషారైన కుక్కయితే ఆ మాటలు లెక్కచేయదు. డప్పు, కీబోర్డు మోగగానే చాపల మీది పిల్లల మధ్యకు దూరిపోతుంది, కానుకల పళ్లెం వాసన చూస్తుంది, పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టిన క్షణమే మొరుగుతుంది. పిల్లలు నవ్వుతారు, పెద్దలు ముఖం మాడ్చుకుంటారు, దాని యజమాని మాత్రం తనకేమీ తెలియనట్టు కళ్లు మూసుకుని ప్రార్థనలో మునిగిపోతాడు. ఆ క్షణంలో ఆ కుక్క ఎవరిదీ కాదు!

నవ్వొచ్చే ఈ ప్రశ్నే 2025లో మన దేశ సర్వోన్నత న్యాయస్థానం ముందు నెలల తరబడి నలిగింది. వీధిలో, బడిలో, ఆసుపత్రిలో తిరిగే కుక్క ఎవరిది? అది కరిస్తే బాధ్యులెవరు? 2025 ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఢిల్లీ, దాని పరిసరాల్లోని వీధికుక్కలన్నిటినీ పట్టి ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని ఆదేశించింది. జంతుప్రేమికులు గగ్గోలు పెట్టారు, కరిపించుకున్న పిల్లల తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. పదకొండు రోజులకే, ఆగస్టు 22న, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించింది. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని, రేబిస్ సోకినవాటిని, మనుషుల మీదికి దూకే స్వభావం గలవాటిని మాత్రం వదలకూడదని చెప్పింది. విచారణ పరిధిని దేశమంతటికీ విస్తరించింది. నవంబరు 7న మరో ఆదేశం వచ్చింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లో వీధికుక్కలు ఉండరాదని, అక్కడ పట్టినవాటిని మళ్లీ అక్కడే వదలకూడదని దాని సారాంశం. 2026 జనవరిలోనూ ఆ కేసు విచారణ సాగింది.

నవంబరు 7 ఆదేశం పేర్కొన్న చోట్లలో చర్చీలు, గుడులు, మసీదులు లేవు. కాబట్టి మనకు సంబంధం లేదని నిమ్మళంగా ఉండలేం. ఆంధ్రదేశంలో మిషనరీలు కట్టిన చాలా ఆవరణల్లో చర్చి పక్కనే బడి, హాస్టలు, కొన్నిచోట్ల ఆసుపత్రి కూడా ఉంటాయి. గోడ ఒకటే, గేటు ఒకటే. ఆదివారం ఆరాధనకొచ్చిన కుక్కే సోమవారం బడి మెట్ల మీద పడుకుంటుంది. హాస్టలు పిల్లలు మిగిల్చిన అన్నమే దాని భోజనం. చట్టం సంగతి అలా ఉంచినా, ఆవరణలో తిరిగే జీవి వల్ల పసిబిడ్డకు ముప్పు వస్తే సంఘం చేతులు దులుపుకోగలదా?

ముప్పు చిన్నదేమీ కాదు. 2024లో దేశవ్యాప్తంగా 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదయ్యాయని, రేబిస్‌తో మరణించినట్లు అనుమానిస్తున్నవారు 54 మందని కేంద్రప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రవేత్తల అధ్యయనం ఒకటి 2025లో వెలువడింది. ఇంటింటి సర్వే ఆధారంగా వారు వేసిన అంచనా ప్రకారం దేశంలో ఏటా రేబిస్‌తో చనిపోయేవారు సుమారు 5,700 మంది. జంతువు కరిచినవారిలో ఐదుగురికొకరు ఒక్క టీకా కూడా వేయించుకోలేదని కూడా ఆ సర్వేలో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలైతే అంతకన్నా ఎక్కువగానే ఉంటూ వచ్చాయి. 54 ఎక్కడ, 5,700 ఎక్కడ? మధ్యనున్న వేలమంది రిజిస్టరుకు ఎక్కకుండానే మట్టిలో కలిసిపోయారన్నమాట. ఆసుపత్రికి చేరనివాళ్లు, చేరినా పేరు రాయించుకోనివాళ్లు, ఇంటి దగ్గరే ప్రాణం విడిచినవాళ్లు వాళ్లు. రోడ్డు లేక రోగిని డోలీలో మోసుకెళ్లే గూడేలున్న మన్యం గురించి వేరే చెప్పాలా?

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి వీధికుక్కలు చంపిన దృశ్యాలు కెమెరాకు చిక్కాయి గనుక రాష్ట్రమంతా తల్లడిల్లింది. కొండమీద జరిగే దానికి కెమెరా ఉండదు. కుక్క కరిస్తే సున్నమో, కారమో, ఆకు పసరో పూసి ఊరుకునే అలవాటు ఇంకా పోలేదు. గాయం మానిపోతుంది, అందరూ మరచిపోతారు. వారాలో నెలలో గడిచాక నీళ్లు చూస్తే బిడ్డ గొంతు బిగుసుకుపోతుంది. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి బతికి బట్టకట్టినవారు లేరనే చెప్పాలి. ముందే టీకా వేయిస్తే మాత్రం అది నూటికి నూరుపాళ్లు ఆపగలిగిన చావు. ఇంత ఘోరమైన జబ్బుకు ఇంత సులువైన అడ్డుకట్ట ఉండి కూడా మనుషులు చనిపోతున్నారంటే అది వైద్యం ఓటమి కాదు, బాధ్యత లేకపోవడం!

ఆరాధనలో కుక్క సమస్య ఇవాళ్టిది కాదు. ఆంగ్లికన్ సంఘం దీనితో నాలుగు శతాబ్దాల క్రితమే తలపడింది. ఆ రోజుల్లో ఇంగ్లండు పల్లెల్లో కాపరులు కుక్కలతోనే చర్చికొచ్చేవారు. వాటిని అదుపుచేయడానికి చాలా పారిష్‌లు కొరడా చేతికిచ్చి ఒక నౌకరును జీతానికి పెట్టుకున్నాయి. వేల్సులో కొన్ని చర్చీల్లో కుక్కల మెడ పట్టి బయటికి లాగే పొడవాటి పటకార్లు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. 1633లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయిన విలియం లాడ్ కాలంలో, ప్రభువు బల్ల చుట్టూ రెయిలింగు కట్టాలని బిషప్పులు పట్టుబట్టారు. నార్విచ్ బిషప్ మాథ్యూ రెన్ 1636లో ఇచ్చిన ఆదేశమైతే మరీ స్పష్టం. కుక్కలు దూరలేనంత దగ్గర దగ్గరగా ఆ రెయిలింగు కమ్మీలుండాలన్నాడాయన. ఇవాళ మన చర్చీల్లో విశ్వాసులు మోకరించి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆ రెయిలింగు పుట్టుకలో కుక్కలకూ భాగముందన్నమాట!

ఇక్కడే ఒక విచిత్రముంది. అదే ఆంగ్లికన్ సంఘంలో 1548 నుంచీ బల్లారాధనకు ముందు ఒక ప్రార్థన ఉంది. ప్రభువు బల్ల కింద రాలే ముక్కలు ఏరుకోవడానికి సైతం తాము యోగ్యులం కామని విశ్వాసులు ఒప్పుకునే ప్రార్థన అది. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్ సంఘాలు, మెథడిస్టులు, దక్షిణ భారత ఐక్య సంఘం కలిసి సి.ఎస్.ఐ. ఏర్పడ్డాక ఆ ప్రార్థన దాని ఆరాధన క్రమంలోనూ నిలిచింది. బల్ల కింద ముక్కలు ఏరుకునేది ఎవరు? సువార్తలో చూస్తే కుక్కపిల్లలు! అంటే కుక్కలను ఆపడానికి కట్టిన రెయిలింగు దగ్గరే మోకరించి, 'ప్రభువా, ఆ కుక్కపిల్లకున్న యోగ్యత కూడా మాకు లేదు' అని మనం అంటున్నామన్నమాట. ఆ సంగతి గుర్తుంటే గుమ్మంలో కర్ర ఎత్తిన చెయ్యి కాస్త తటపటాయిస్తుంది.

ఆ ప్రార్థనకు మూలమైన సంఘటన మార్కు 7వ అధ్యాయంలో ఉంది. ఆమె సురోఫెనికయ స్త్రీ. యూదురాలు కాదు, ఆహ్వానం లేదు, సిఫారసు అంతకన్నా లేదు. దయ్యం పట్టిన చిన్న కూతురిని ఇంట్లో మంచాన వదిలి వచ్చి యేసు పాదాల మీద పడింది. పిల్లల రొట్టె కుక్కపిల్లలకు వేయడం తగదన్న మాట విని ఆమె చిన్నబుచ్చుకుని వెనుదిరగలేదు. గ్రీకు మూలంలో ఆ మాట వీధిలో తిరిగే కుక్కను కాదు, ఇంట్లో మసలే చిన్న కుక్కను సూచిస్తుంది. ఆ సందును ఆమె గట్టిగా పట్టుకుంది. కుక్కపిల్లే కావచ్చు, కాని ఇంటి కుక్కపిల్ల. బయట కాదు, బల్ల కిందే ఉంది. పిల్లలు విదిల్చిన ముక్కల్లో దానికీ వాటా ఉంది! ప్రభువు ఆ జవాబుకు లొంగిపోయాడు. ఆమె ఇంటికి వెళ్లి చూస్తే బిడ్డ క్షేమంగా పడుకుని ఉంది.

'బయట ఉండు' అన్న మాట ఎలా ఉంటుందో మన్యం ప్రజలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. సంతలో, ఆఫీసులో, ఆసుపత్రి వరుసలో తరతరాలుగా వినివిని అలసిన మాట అది. గోదావరి తీరాన దుమ్ముగూడెంలో 1860వ దశకంలో ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీ కోయల మధ్య పని మొదలుపెట్టడానికి కారణం, అక్కడ నదిమీద పనులు చేయిస్తున్న హేగ్ అనే ఇంజినీరు వారిని చూసి ఊరుకోలేకపోవడమే. ఆ తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ అక్కడే ఏళ్లతరబడి ఉండి కోయల జీవితాన్ని, భాషను శ్రద్ధగా గమనించి రాశాడు. అరకు, పాడేరు వైపు సంఘాలు చాలావరకు వేరే మిషన్ల ద్వారా, వేరే దారుల్లో వచ్చినవి. ఏ మిషన్ ద్వారా వచ్చినా సువార్త కొండెక్కింది బయట ఉన్నవారిని లోపలికి పిలవడానికే. అలా లోపలికొచ్చినవారు తమ వెంట వచ్చిన మూగజీవిని కర్రతో కొట్టడం ఆ పిలుపుకు తగిన పని కాదు.

అలాగని కుక్కను చర్చిలోకి వదిలేయడమే ప్రేమ అనుకుంటే అదీ పొరపాటే. ఆరాధనలో సమస్తం మర్యాదగా, క్రమంగా జరగాలన్నాడు అపొస్తలుడైన పౌలు (1 కొరింథీ 14:40). జనం కిక్కిరిసిన చోట, డప్పులు, మైకులు, బాణసంచా మోతలో కుక్క బెదిరిపోతుంది. బెదిరిన కుక్కే ఎక్కువగా కరుస్తుంది. మనకు హుషారుగా కనిపించేది చాలాసార్లు దాని కంగారు. ఒకసారి కరిపించుకున్న బిడ్డకు కుక్క కనిపిస్తే ఆరాధన మీద ధ్యాస ఉండదు. వాళ్ల భయాన్ని వెక్కిరించి కుక్క మీద చూపే ప్రేమ సగం ప్రేమే.

మరి దేవుని వాక్యం ఏ దారి చూపుతోంది? నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని దయతో చూస్తాడంటుంది సామెతల గ్రంథం (12:10). ఇది దయ గురించి. నిర్గమకాండం 21వ అధ్యాయంలో ఇంకో మాటుంది. ఎద్దు పొడిచి మనిషి చనిపోతే ఎద్దుకు శిక్ష. కాని ఆ ఎద్దుకు పొడిచే అలవాటుందని ముందే తెలిసి, హెచ్చరించినా దాన్ని కట్టివేయకపోతే తప్పు యజమానిదే (21:28, 29). ఇది బాధ్యత గురించి. ఈ రెండు వాక్యాలనూ కలిపి చదివితే కుక్కల మీద ఇవాళ దేశంలో సాగుతున్న సగం వాదాలు చల్లబడతాయి. దయ లేని బాధ్యత విషం పెట్టి చంపేదాకా పోతుంది. బాధ్యత లేని దయ వీధిలో అన్నం పడేసి, కాటు తిన్న బిడ్డ వైపు చూడకుండా ఇంటికెళ్లిపోతుంది. ఈ రెండూ దేవుడు కోరినవి కావు.

సి.ఎస్.ఐ. సంఘాల్లో కోత పండుగ ఆరాధన చూసినవారికి ఒక సంగతి తెలుసు. ఆ రోజు చర్చిలోకి జీవులు రావడం మీద ఎవరికీ అభ్యంతరముండదు. కాళ్లు కట్టిన కోళ్లు, మేకపిల్లలు, గుమ్మడికాయలు, ధాన్యం అన్నీ బల్ల ముందు చేరతాయి. ప్రార్థన అవగానే వేలం. కోడి కూసినా, మేక అరిచినా ఆరాధన చెడిపోయిందని ఎవరూ అనరు, ఎందుకంటే వాటికి ధర ఉంది. కుక్కకు ధర లేదు, కాపలా మాత్రమే ఉంది. చేను కాపాడి ఆ ధాన్యం బల్ల దాకా రావడానికి రాత్రంతా మేలుకున్నది అదే. ధర పలికే జీవిని లోపలికి రానిచ్చి, ధర లేని జీవిని తరిమే అలవాటు మనుషుల విషయంలో కూడా మనలో ఉందేమో చూసుకోవాలి.

న్యూయార్కులోని సెయింట్ జాన్ ది డివైన్ కథెడ్రల్ ఆంగ్లికన్ కుటుంబానికి చెందినదే. అక్కడ 1985 నుంచి ఏటా అక్టోబరులో, అస్సీసీ ఫ్రాన్సిస్ జ్ఞాపకార్థం, జంతువులను ఆశీర్వదించే ఆరాధన జరుగుతోంది. కొరడా పట్టిన నౌకరు నుంచి ఆశీర్వదించే బిషప్ దాకా అదొక పెద్ద ప్రయాణం. మన కొండలకు అది అలాగే నప్పదు. ఇక్కడ ఆశీర్వాదం సిరంజిలో రావాలి. కుక్కల్లో నూటికి 70కి టీకా వేస్తే రేబిస్ వ్యాప్తి గొలుసు తెగిపోతుందంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. గోవాలో ఏళ్లతరబడి పట్టుదలగా వాడవాడలా కుక్కలకు టీకాలు వేశారు, బడిపిల్లలకు జాగ్రత్తలు నేర్పారు. ఫలితంగా 2017 తర్వాత కొన్నేళ్లపాటు అక్కడ ఒక్క మానవ రేబిస్ మరణం కూడా నమోదు కాలేదు. 2021లో దేశంలోనే మొదటి రేబిస్ నియంత్రిత రాష్ట్రంగా గోవా గుర్తింపు పొందింది. అక్కడ సాధ్యమైంది అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఎందుకు సాధ్యం కాదు?

ప్రభుత్వ యంత్రాంగం గూడెం గూడేనికీ చేరడం కష్టం కావచ్చు. కాని పండుగ రోజు గూడెమంతా, కుక్కలతో సహా, తనంతట తానే చర్చి ఆవరణకు వస్తుంది. ఇంత గొప్ప అవకాశం ఏ శాఖకు దొరుకుతుంది? ఏటా జులై 6న పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ కుక్క కరిచిన ఒక తొమ్మిదేళ్ల బాలుడికి తొలి టీకా ఇచ్చి ప్రాణం నిలిపాడు. ఆ రోజున కొండ దిగలేనివారి కోసం సంఘ పెద్దలు పశువైద్యుణ్ణి అడిగి, కోత పండుగకో క్రిస్మస్‌కో ముందు ఒక శనివారం చర్చి ఆవరణలోనే టీకా శిబిరం పెట్టించవచ్చు. టీకా వేసిన కుక్క మెడకు ఒక రంగు తాడు కడితే చాలు, అది ఎవరి కుక్కో, దాని బాధ్యత ఎవరిదో ఊరంతటికీ తెలుస్తుంది.

పండుగనాడు పందిరి పక్కన చెట్టుకింద ఒక చోటు, ఒక కుండెడు నీళ్లు, కనిపెట్టుకుని ఉండే ఇద్దరు యువకులు ఉంటే కర్ర అవసరమే రాదు. సండే స్కూలు పిల్లలకు క్రిస్మస్ నాటికతో పాటు నాలుగు మాటలు నేర్పాలి. తింటున్న కుక్కను, పిల్లలతో ఉన్న తల్లికుక్కను ముట్టుకోవద్దు. కుక్కను చూసి పరుగెత్తొద్దు. కరిస్తే, గీరితే ఇంట్లో దాచొద్దు. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. ఆ తర్వాత పసరు మందు కాదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ప్రభుత్వాసుపత్రుల్లో టీకా ఉచితం. మొదటి రోజు, ఆపై 3వ, 7వ, 28వ రోజుల్లో వేస్తారు. గాయం లోతుగా ఉంటే దాంతోపాటు మరో మందు కూడా అవసరమవుతుంది, అది వైద్యుడు చెబుతాడు. చాలామంది రెండో డోసు తర్వాత ఆగిపోయేది నిర్లక్ష్యంతో కాదు, కూలి పోతుందని, ఆటో ఛార్జీలు లేవని. ఆ నాలుగు ప్రయాణాల ఖర్చు సంఘం కానుకల్లోంచి ఇస్తే అంతకన్నా మంచి పరిచర్య ఏముంటుంది? ప్రార్థన చేసి పంపడం మంచిదే, ప్రార్థన చేసి బండెక్కించడం ఇంకా మంచిది.

కోర్టులు చట్టం చెబుతాయి, ప్రభుత్వాలు లెక్కలు చెబుతాయి. ఈ కుక్క నాది, ఇది కరిచిన బిడ్డా నా బిడ్డే అని చెప్పాల్సింది మాత్రం విశ్వాసే. ఆ సురోఫెనికయ తల్లి కథను మార్కు సువార్తికుడు బల్ల దగ్గర ఆపలేదు. ఆమె వెంట ఇంటిదాకా వెళ్లి, మంచం మీద క్షేమంగా ఉన్న బిడ్డను చూపించాడు (మార్కు 7:30). ఈ కొండల్లో మన పండుగ ఆరాధనలు కూడా అక్కడిదాకా వెళ్లాలి.